హెస్టర్ ఒప్పుకుంటేనే మోటారు

సైలస్ ట్రెంబాత్ అంటే న్యూవార్క్‌లోని మా కార్ఖానాలో కాస్త భయం, కాస్త వేళాకోళం. పాటలు వినిపించే ఫోనోగ్రాఫు యంత్రాన్ని తిప్పే కరెంటు మోటారు ఒకే వేగంతో నడిచేలా చూడటం అతని పని. బ్యాటరీ నీరసిస్తే పాడే మనిషి ఆవులిస్తున్నట్టుంటుంది. ఆమ్లం కొత్తగా పోస్తే కీచుగొంతు లేస్తుంది. ఆ రెండూ రాకుండా చేయడానికి ఏడేళ్ళు కుస్తీ పట్టాడు. ఆమ్లానికి అతని వేళ్ళు పసుపుబారిపోయాయి.

అతని కొలబద్ద పాటను పట్టి ఉంచే ఒక మైనపు గొట్టం. కూతురు హెస్టర్ తొమ్మిదేళ్ళప్పుడు అందులో రెండు నిమిషాలు పాడింది. ఆ చలికాలమే గొంతువాపు జబ్బుతో పోయింది. కొత్త నమూనా తయారైతే దానిమీద ఆ గొట్టం ఒక్కసారే పెట్టేవాడు. ఎంత ఎక్కువసార్లు వింటే సూది మైనాన్ని అంత అరగదీస్తుందని మాకందరికీ తెలుసు. గొంతు తన బిడ్డదే అనిపిస్తే మోటారు సరైనదన్నమాట.

"ఏమోయ్, మీ అమ్మాయి ఒప్పుకుందా?" అని అడిగేవాళ్ళం. సిగ్గులేని జన్మలు మావి.

ఇంతలో బ్యాటరీ అక్కర్లేకుండా తాళం తిప్పి నడిపే స్ప్రింగు మోటార్లు వచ్చిపడ్డాయి. ఒకరోజు మేస్త్రీ క్రాండల్ షికాగో నుంచి ఒక పెద్ద కొనుగోలుదారును వెంటబెట్టుకొచ్చాడు. "పొద్దున్నించి సాయంత్రం దాకా మీ అమ్మాయి గొట్టం పెట్టి, నీ మోటారు తేడా రాకుండా తిరగాలి. లేకపోతే ఈ బల్ల దగ్గరి పన్నెండు మందీ ఇంటికే," అన్నాడు.

"వేరే గొట్టం పెట్టండి," అన్నాడు సైలస్.

"వేరేదైతే తేడా నీకెలా తెలుస్తుందోయ్? ఆయనకు నీ చెవే సాక్ష్యం."

సైలస్ మావైపు చూశాడు. నాకు నలుగురు పిల్లలు, నలుగురూ బతికే ఉన్నారు. పాట అయిపోయినప్పుడల్లా సూదిని ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టే పని నాకే అప్పగించారు. పెట్టాను.

మధ్యాహ్నం దాకా పిల్ల పాడింది. భోజనాలయ్యాక మాటలు పలచబడ్డాయి. మూడింటికి గాలి పీల్చిన చప్పుడే మిగిలింది. ప్రతిసారీ సైలస్ కళ్ళు మూసుకుని, "వేగం సరే," అనేవాడు.

సాయంత్రం కొనుగోలుదారు టోపీ పెట్టుకున్నాడు. "మోటారు బంగారమే. కానీ ఇంటింటికీ ఆమ్లం జాడీలు ఎవడు మోస్తాడు? మేం తాళం తిప్పేదే కొంటాం," అని వెళ్ళిపోయాడు.

క్రాండల్ నాతో, "ఆ గొట్టం పైపొర చెక్కేయ్, మళ్ళీ వాడుకోవచ్చు," అన్నాడు. అరిగిన గొట్టాలన్నిటికీ మేం చేసేది అదే.

సైలస్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకొక్కసారి పెట్టు."

పెట్టాను. బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు.

"వినిపిస్తోంది పెద్దాయనా," అన్నాను.

"అబద్ధం ఎందుకులే," అన్నాడు. "వేగం మాత్రం సరిగ్గా ఉంది."

ఆ మోటారును ఆపడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు.