పూలజడ తెచ్చిన తలనొప్పి

మా పెళ్లి పాతపట్నంలో, పొద్దుటి ముహూర్తానికి జరిగింది. పీటల మీద జడ జారితే పరువు పోతుందని మా మేనత్త నా జుట్టు బిగలాగి, పిన్నులతో సవరం పెట్టి, దాని మీద పూలజడ కుట్టేసింది. జీలకర్ర బెల్లం వేళకే నా తల పగిలిపోతోంది.

నా కళ్లలో నీళ్లు చూసి పెద్దమ్మ "ఖాళీ కడుపు, పైత్యం" అంది. నాన్నమ్మ దిష్టి అంది. బాబాయి "నిద్ర నేదు కదా" అన్నాడు. జడ మీదికి ఎవరి అనుమానమూ పోలేదు.

తాళి కట్టడానికి వీలుగా ఉంటుందని మా ఆడపడుచు ఆ జడ పైకెత్తింది. నేను "అమ్మో!" అని కేక పెట్టి రెండు చేతులతో తల పట్టుకున్నాను.

తాళి పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. మేళం ఆగిపోయింది. పెళ్లికొడుకు మెల్లగా అడిగారు. "ఈ పెళ్లి ఇష్టం నేదేటి? భయపడకు, సెప్పు."

మా నాన్న మొహం పాలిపోయింది.

"పెళ్లి ఇష్టమేనండీ. ముందు ఈ జడ వదులు సేయించండి," అన్నాను. మేళం లేదు కాబట్టి ఆఖరి వరసకీ వినబడింది.

"అంత బిగువేటి కాదే" అంటూనే మేనత్త పిన్నులు తీసింది. నొప్పి దిగింది. మూడు ముళ్లూ పడ్డాయి.

తలనొప్పికి కారణం తల లోపలే ఉండక్కర్లేదని ఆ రోజు మా ఇద్దరికీ తెలిసింది. ఇప్పటికీ నాకు తలనొప్పి అంటే మా ఆయన ముందు జడ చూస్తారు. జడ వదులుగానే ఉంటే కాసేపు ఆలోచించి, "నానేటి సేసినాను?" అని అడుగుతారు.