సెమినారుకు బొట్టు పిలుపు

ఏడో తరగతిలో బడికీ నాకూ పడక ఎవరి దారి వాళ్ళం చూసుకున్నాం. అయినా కొరియా, జపాన్, చైనాల గురించి శ్రీకాకుళంలో నా అంత విన్నవాడు ఇంకొకడు లేడని పందెం కాస్తాను. దానికి కారణం చదువు కాదు, మైకు. అరసవల్లి రోడ్డులో నాకు టెంట్‌హౌస్ ఉంది. కుర్చీలు, షామియానాలు, మైకుసెట్టు అద్దెకిస్తాను. ఉపన్యాసం మొదలయ్యాక విద్యార్థి వెనక తలుపులోంచి జారుకోవచ్చు. లెక్చరరు ఫోను మోగినట్టు మొహం పెట్టి బయటికి పోవచ్చు. మైకువాడికి ఆ యోగం లేదు. వందన సమర్పణ దాకా కదలకూడదు.

ఊళ్ళో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే మేడం ఉన్నారు. రోజూ విజయనగరం నుంచి బస్సులో వస్తారు. తూర్పు ఆసియా దేశాలంటే ఆవిడకు ప్రాణం. నెలకొకరిని ఎక్కడినుంచో రప్పించి సెమినార్ హాల్లో మాట్లాడించేవారు. మొదటిసారి జనం ఎక్కువైతే కష్టమని నా కుర్చీలు కూడా తెప్పించుకున్నారు. అవి బండి దిగకుండానే షికారు చేసి ఇంటికొచ్చాయి. వచ్చిన నలుగురూ చివరి వరసలో కూర్చున్నారు, అదీ ఫ్యాను కింద.

ఏప్రిల్లో ఒకరోజు మేడం మా షాపుకొచ్చి, శనివారానికి చిన్న మైకు చాలన్నారు. వినడానికి ఎవరూ ఉండరట.

"అలాగైతే మైకెందుకండీ? వచ్చినోరూ నేనూ ఎదురెదురుగా కూచుంటాం. సెవిలో సెప్పమనండి," అన్నాను.

మామూలుగా నా మాటలకు నవ్వే మనిషి, ఆరోజు నవ్వలేదు. అసలు సంగతి అప్పుడు చెప్పారు. ఈసారి కూడా హాలు ఖాళీగా ఉంటే ఉపన్యాసాలు ఆపేయాలనీ, ఆ గది కంప్యూటర్ ల్యాబుకు ఇచ్చేస్తాననీ ప్రిన్సిపాల్ తేల్చేశారట. పిల్లలా, పరీక్షల్లో ఉన్నారు. వచ్చేదేమో కొరియా నుంచి పరిశోధకురాలు. విశాఖపట్నం దాకా పనిమీద వస్తున్న ఆవిడను బతిమాలి ఇటు ఒప్పించారు.

మా ఆవిడ పక్కనే వంట గుండిగలు తోముతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవుల్ని పిలిసేరు మేడంగారూ?"

"అందరినీ పిలిచామమ్మా. పోస్టర్లు అంటించాం, వాట్సాప్‌లో కూడా పెట్టాం."

"అదేటి పిలుపండీ? గోడకి సెప్తే గోడొస్తాదా? బొట్టెట్టి పిలవండి. బొట్టెట్టించుకుని రాకపోతే తప్పు ఆళ్ళది."

"సెమినారుకు బొట్టు పెట్టి పిలుస్తారా ఎక్కడైనా?"

"పిలవరు కాబట్టే ఎక్కడా రారు గావాల," అని నేను అందుకున్నాను. మా ఆవిడ తడిచేత్తో నా వైపు నీళ్ళు చిమ్మింది.

మా ఆవిడది సముద్రం ఒడ్డు ఊరు. అవి వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసుక మీద ఉన్నాయి, అమ్మడానికి చేపలు లేక ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గరే ఉన్నారు. మర్నాడు కుంకుమ భరిణె పట్టుకుని మేడం, మా ఆవిడ, డ్రైవరుగా నేను ఆ ఊరికి బయలుదేరాం. మొదటి గుమ్మంలోనే మేడం గొంతు సవరించుకుని, "తూర్పు ఆసియా అధ్యయన వేదిక తరఫున..." అని ఎత్తుకున్నారు. ఇంటావిడ భయపడి లోపలికి చూసింది, మగవాళ్ళెవరైనా ఉన్నారేమోనని.

మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఆ మాటలొద్దండీ. శనోరం పదింటికి మా కాలేజీకి రావాల, అనండి. సాలు."

రెండో వీధికొచ్చేసరికి మేడం బొట్టు పెట్టడంలో చెయ్యి తిరిగిపోయింది.

శనివారం ఆటోల మీద ఆటోలు దిగాయి. పట్టుచీరలు, తలనిండా కనకాంబరాలు. కాలేజీ వాచ్‌మన్ ఇది కల్యాణ మంటపం కాదని చెప్పబోతే, "తెలుసు నాయనా, బొట్టెట్టి పిలిసేరు," అని అతణ్ణే పక్కకు జరిపారు. లోపల ప్యాంటూ చొక్కాతో కూర్చున్న కొరియా ఆవిడను చూసి ఫంక్షను ఈ పిల్లదే అనుకున్నారు. చుట్టూ చేరి బొట్టు పెట్టారు, జడ లేకపోయినా ఎలాగో పూలు గుచ్చారు. ఆవిడ కూర్చున్నది కూడా నేను తెచ్చిన పెళ్ళికూతురి కుర్చీయే. అనుమానానికి చోటెక్కడిది?

అంతా బాగానే ఉందనుకుంటుండగా తప్పు జరిగిపోయింది. పేరంటానికి పిలిచాక తాంబూలం ఇవ్వాలి కదా అని ఆకు, వక్క, అరటిపండు, జాకెట్టు ముక్క పెట్టిన సంచులు సిద్ధం చేసింది మా ఆవిడ. అవి చివర్లో ఇవ్వాలని మేడానికి చెప్పకుండా టీ సంగతి చూడ్డానికి వెనక్కి వెళ్ళింది. సెమినార్లలో ఆనవాయితీ వేరు. వచ్చినవాళ్ళకు గుమ్మంలోనే ఫైలూ పెన్నూ ఉన్న సంచి చేతికిస్తారు. మేడం ఆ అలవాటు కొద్దీ వచ్చినవాళ్ళకు వచ్చినట్టే తాంబూలాలు పంచేశారు.

మా వైపు తాంబూలం చేతిలో పడిందంటే ఇక వెళ్ళిరమ్మని అర్థం.

కొరియా ఆవిడ ఇంగ్లీషులో మొదలుపెట్టారు. మేడం దాన్ని తెలుగు చేస్తున్నారు. "సాగరాధారిత స్త్రీ శ్రమ" అని రెండుసార్లు వినబడింది. మర్యాదకు కాసేపు కూర్చుని, మా ఆవిడ మేనత్త ముందుగా లేచింది. ఆవిడ లేస్తే ఊరు లేచినట్టే. వరసలు వరసలుగా చీరలు సర్దుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మేడం తెలుగు చేయడం అక్కడే వదిలేసి ఆయన వైపు చూశారు. ఎంతో కష్టపడి నింపిన హాలు ఆయన కళ్ళముందే ఖాళీ అవుతోంది.

నా చేతిలో రెండో మైకుంది. "అత్తా, ఎక్కడికే?" అన్నాను.

హాలంతా నావైపు తిరిగింది.

"మొకం సూపించీసినాం. తాంబూలం ఇచ్చీసినారు. ఇంకేటి?" అంది అత్త.

"ఈవిడ ఊళ్ళో ఆడోళ్ళే సముద్రంలో మునిగి వేట సేస్తారంట. మొగోళ్ళు ఇంటికాడ పిల్లల్ని ఆడిస్తారంట. అది సెప్పడానికి అంత దూరం నుంచొచ్చింది. నువ్వేమో ఎల్లిపోతన్నావు."

ఇదంతా నాకెలా తెలుసంటే, మైకు సరిచేస్తున్నప్పుడు మేడం ముందే చెప్పారు.

అత్త ఆగింది. "మొగోళ్ళు ఇంటికాడా?"

"ఇంటికాడే."

"ఒరే అల్లుడా, అబద్ధమైతే నీ సంగతి సెప్తాను," అని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆవిడ కూర్చుంటే ఊరు కూర్చున్నట్టే.

తరవాత మేడం కాగితం మడిచి పక్కన పెట్టేశారు. ఇంట్లో మాట్లాడినట్టు చెప్పడం మొదలెట్టారు. తెరమీద బొమ్మలు వచ్చాయి. నల్ల దుస్తులు, కళ్ళకు అద్దాలు, భుజాన వల సంచులతో ముసలమ్మలు. ఊపిరి బిగపట్టి అడుగుదాకా వెళతారట. పైకి తేలాక ఈలలాగా ఊపిరి వదులుతారట. కొరియా ఆవిడ ఆ ఈల వేసి చూపించారు. మావాళ్ళలో సగం మంది వేసి చూశారు. కొందరికి ఈలకు బదులు నవ్వు వచ్చింది.

"ఏట కాడినుంచి వచ్చేక వంటెవులు సేస్తారు? అడుగమ్మా," అంది అత్త.

మేడం అడిగి చెప్పారు. "చాలా ఇళ్ళల్లో అదీ వాళ్ళేనటండీ."

"అలగైతే మొగోళ్ళకి సముద్రమూ లేదు, పొయ్యీ లేదు. ఆడోళ్ళ గతి మనకంటే అన్నాయం," అంది అత్త. హాల్లో లేచిన నవ్వు మా మైకు కూడా పట్టలేకపోయింది.

ఇప్పుడు అక్కడ కుర్రపిల్లలు సముద్రంలోకి దిగడం లేదనీ, మిగిలింది ఎక్కువగా పెద్దవాళ్ళేననీ కొరియా ఆవిడ చెప్పారు. "మా కుర్రోళ్ళూ గుజరాతు పడవలెక్కి ఎల్లిపోతన్నారు," అంది వెనకనుంచి ఒకావిడ. మేడం ఆ మాటను ఇంగ్లీషులో చెప్పారు. కొరియా ఆవిడ పుస్తకం తీసి రాసుకున్నారు, ఇంకేమిటి అని అడిగారు. అక్కడినుంచి ఉపన్యాసం ఎవరిదో తెలియలేదు. మధ్యాహ్నం అయింది. టీ చల్లారి, మళ్ళీ కాగింది. కూర్చోవడానికి చోటు లేక ప్రిన్సిపాల్ నా మైకుపెట్టె మీద కూర్చున్నారు. లేవమనడానికి నాకు ధైర్యం చాలలేదు.

అందరూ బయటికి నడుస్తుండగా ఆయన మేడం దగ్గరకొచ్చారు. బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారావిడ.

"వచ్చే నెల ఎవరండీ?" అన్నారాయన.

"జపాన్ పొలం పనుల మీద, సార్."

"అయితే వరి పండించే ఊళ్ళు చూసుకోండి ఈసారి. కంప్యూటర్లకి ఇంకో గది చూస్తాంలెండి," అని హాలు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టారు.

మేడం ఆయనకు దండమైనా సరిగా పెట్టలేదు. తాళంచెవి గుప్పిట్లో బిగించి, "ఈసారి బొట్టు పిలుపుకి మన మొదటి వీధి ఏ ఊళ్ళో?" అంటూ మా ఆవిడ కోసం వెనక టీ పొయ్యి వైపు పరుగెత్తారు.