మా ఆవిడ నిద్రకూర

మా ఆవిడ పోయిన నెల చనిపోయింది. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు ఆసుపత్రి, అంతే. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు, నిద్ర పట్టడానికి ఆమె వండే ఆ నీటికూర వండుకోకూడదా అని. ఆ కూర సంగతి చెప్తే ఆమె సంగతి చెప్పినట్టే.

అది చెరువు అంచున, బురదలో పాకుతుంది. కాడకు నాలుగాకులు. పూయదు, కాయదు. ఫెర్న్ జాతి. ఇది నేను బీయస్సీలో చదివాను. ఆమె శామీర్‌పేట పక్క ఊళ్లో, చదవకుండానే తిని పెరిగింది.

తొంభైల మొదట్లో కుత్బుల్లాపూర్‌లో కాపురం పెట్టాం. నాకు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు. పగలు కన్ను మూతపడేది కాదు. ఆమె పుట్టింటి చెరువు నుంచి ఆ ఆకు తెచ్చి, పప్పులో వేసి, జొన్నరొట్టెతో పెట్టింది. అది పచ్చిగా, మితిమీరి తింటే గొర్రెలకు కూడా కాళ్లు పడిపోతాయని నేను పాఠం మొదలుపెట్టాను. ఆమె వింటూ ఇంకో రొట్టె వేసింది. పాఠం పూర్తి కాకముందే పంతులు నిద్రపోయాడని వాడలో అందరికీ చెప్పింది.

ఒకసారి ప్రమోషన్ పరీక్ష వచ్చింది. బెంగతో రెండు రోజులు నిద్ర లేదు. ముందు రోజు సాయంత్రం ఆమె కూర రెండు గరిటెలు ఎక్కువ వేసింది. పరీక్ష తొమ్మిదికి. నేను లేచింది పదకొండుకి. ఎందుకు లేపలేదని అరిచాను. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"మస్తు దినాలకు నోరు తెరిసి పండుకున్నవ్. లేపబుద్ది కాలే."

"పరీక్ష పోయింది."

"పరీచ్చ మల్ల పెడ్తరు. గసొంటి నిద్ర మల్లొస్తదా?"

పరీక్ష మళ్లీ పెట్టారు. తప్పాను. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఫ్యాక్టరీల మురుగు కలిసి మా చుట్టుపక్కల కుంటల్లో నీళ్ల రంగు మారింది. ఒక ఆదివారం గాజులరామారం వైపు ఒక కుంటలో ఈ ఆకు ఏపుగా కనిపిస్తే సంచీ నిండా కోసుకొచ్చాను. ఆమె వాసన చూసింది.

"ఏందయ్య, గాడ కప్పలున్నయా?"

ఒక్కటీ కనిపించలేదన్నాను.

"అయితే గా కప్పలకు నీకన్న సదువెక్కువున్నట్టు."

సంచీ చెత్తకుండీలోకి పోయింది. కనీసం పక్కింటి బర్రెకు వేద్దామన్నాను. బర్రె ఏం పాపం చేసిందని అడిగింది.

ఆ తర్వాత నెలకోసారి పొద్దున్నే స్కూటర్ మీద శామీర్‌పేట వైపు వెళ్లేవాళ్లం. ముందు నీళ్లలోకి రాయి విసరాలి. కప్పలు దుంకితేనే ఆకు తెంపాలి. నడివయసు మొగుడూ పెళ్లాలు గట్టున నిలబడి రాళ్లేసుకోవడం చూసి గొర్రెల కాపరులు దూరంగా తిరిగిపోయేవాళ్లు.

మొన్న ఒక్కడినే వెళ్లాను. బయల్దేరేసరికే పొద్దు వాలింది. ఒడ్డున కూర దట్టంగా ఉంది. తెంపడానికి వంగాను. దగ్గరి కాడ మీద నాలుగాకులూ పైకి లేచి, ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. పక్కవి సగం ముడుచుకున్నాయి. ఎప్పుడూ పొద్దున్నే వచ్చిపోయేవాళ్లం కాబట్టి ఇది నేను చూడలేదు. చెబుదామని పక్కకు తిరిగాను.

తర్వాత గట్టున కూర్చున్నాను. వెలుగు తగ్గేకొద్దీ నీళ్ల అంచు పొడవునా ఆకులు మెల్లగా మూసుకుంటూ పోయాయి.