మా తమ్ముడి దొంగచేపలు

మా తమ్ముడు ఒక వేసవంతా ఉద్దానంలో పేరుమోసిన దొంగగా దర్జాగా బతికాడు. వాడు దొంగ కాదని బయటపడిన రోజు నుంచే తలెత్తుకుని తిరగలేకపోయాడు.

ఎండాకాలం చేపలు గుడ్లు పెట్టే సమయమని సముద్రంలో మరపడవల వేట ఆపేస్తారు. ఏటా జరిగేదే. మిగతా కాలమంతా చేపలబుట్ట గుమ్మంలోకొస్తే "ఇయాళ వొద్దులే" అనేవాళ్లకి కూడా సరిగ్గా అప్పుడే సముద్రపు చేప మీద ప్రాణం లేచొస్తుంది. డిగ్రీ మధ్యలో వదిలేసి, కవిటి దగ్గర మా పుట్టింటి కొబ్బరితోటలో మంచం వాల్చుకుని ఫోను చూసుకునే మా వాడు జీవితంలో కనిపెట్టిన సత్యం ఇదొక్కటే. వెంటనే ఫోనులో ఒక రహస్య గ్రూపు పెట్టాడు. పేరు "అర్ధరాత్రి అలలు". బొమ్మేమో నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న పండుగప్ప చేప. నిషేధంలో దొంగచాటుగా పట్టి తెచ్చిన సరుకు, తెలిసినవాళ్లకి మాత్రమే అని ప్రకటన.

గ్రూపులో "చేప" అని రాస్తే బయటికి నెట్టేస్తాడు. కావలసినవాళ్లు బొటనవేలి బొమ్మ పెట్టాలి. మా పెదనాన్నకి ఆ బొమ్మ ఎక్కడుంటుందో తెలియక రోజూ రెండు చేతుల దండం పెట్టేవాడు. అలా దండం పెట్టి మరీ చేపలు కొన్న మనిషి జిల్లాలో ఆయనొక్కడే అయి ఉంటాడు. మా వాడు కొబ్బరిపీచు బస్తాలో సరుకు దాచి, తనెవరో తెలియకూడదని హెల్మెట్ తియ్యకుండా, నోరు విప్పకుండా ఇంటింటికీ అందించేవాడు. వాడి బండి చప్పుడు ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు. "ఒరే, మీయమ్మకి మోకాలు తగ్గిందా?" అని అడిగేవాళ్లు. హెల్మెట్ అవునన్నట్టు ఊగేది.

వాడి అక్కని నేను, పలాసలో కాపురం ఉంటాను. ఒక ఆదివారం చేపల మార్కెట్టుకెళితే, హెల్మెట్ పెట్టుకున్న మనిషొకడు పండుగప్పలు బేరమాడుతున్నాడు. ఎండలో హెల్మెట్ పెట్టుకుని బేరమాడే తెలివి మా వంశంలో తప్ప పుట్టదు. వెనకనుంచి వెళ్లి నెత్తిన ఒక్కటి మొట్టాను.

"ఏట్రా ఇది? పలాసకి సముద్రం ఎప్పుడొచ్చింది?"

"నెమ్మదిగా, అప్పా! ఎవులైనా ఇంతారు."

"ఇవి సంతబొమ్మాళి సెరువుల్లో పెంచిన సేపలు కావేట్రా? వీటికి నిషేధమే లేదు కదా, అందరికీ తెలిసేలాగే అమ్ముతున్నారు కదా!"

"అందుకే ఎవులూ కొనరప్పా. దొంగసరుకంటే రెట్టింపిచ్చి పట్టుకెల్తన్నారు. నానేటి సేత్తాను?"

వాడు చేసేది ఇదీ: చేపల్ని నౌపడ ఉప్పు కలిపిన నీళ్లలో ముంచడం, పైన గుప్పెడు ఇసుక చల్లడం. ఆ ఇసుక చూసి జనం పరవశించిపోయేవారు. "సూసినావా, సముద్రంలోంచి తిన్నగా మనింటికే!" నడిసముద్రంలో వలకి చిక్కిన చేపకి ఇసుకెందుకు అంటుతుందని అడిగిన మహానుభావుడు ఒక్కడు లేడు. నేను అడుగుదామనుకున్నాను. వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అప్పా, సెప్పకే. ఆ టెక్కలి పిల్ల కూడా గ్రూపులో ఉంది."

టెక్కలి పిల్లతో వాడికి సంబంధం మాటలు నడుస్తున్నాయి. ఫొటో చూసిన రోజు నుంచీ వాడికి అన్నం సయించడం లేదు. ఆమె తప్ప మరో పిల్ల వద్దని భీష్మించుకుని కూర్చున్నాడు. పిల్ల తండ్రి రిటైరైన గుమస్తా. గుడి బయట చెప్పులు విడిస్తే టోకెన్ ఇచ్చేదాకా కదలని మనిషి. ఆయన కుర్రాడి ఇల్లు చూడ్డానికి వస్తున్నారంటే నేనూ వెళ్లి, మా అమ్మ ఆజ్ఞ ప్రకారం వాడి సరుకులోంచే పండుగప్ప పులుసు పెట్టాను.

భోజనాల దగ్గర ఆయన పక్కనే మా పెదనాన్న కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోవచ్చు కదా.

"తినండి బావగారూ! దొంగసేప. కలెక్టరుకి కూడా దొరకదు. మావోడు ఈ సముద్రానికి డాను."

గుమస్తాగారి చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. "నిషేధంలో పట్టిందా? బాబూ, నిజమేనా? దొంగపని సేసే ఇంటికి నాను పిల్లనివ్వను."

మా వాడు ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. కాదంటే పెదనాన్న బతకనివ్వడు. అవునంటే పిల్ల పోతుంది. వంటింటి గుమ్మంలో మా అమ్మ గరిటె పట్టుకుని దేవుళ్లందరికీ మొక్కుతోంది. చివరికి వాడు ముద్ద మింగి, ఛాతీ విరిచి, "అవునండి. నడిసముద్రం సరుకే" అన్నాడు. పెళ్లికన్నా పరువే ఎక్కువైంది వెధవకి.

ఆయన లేవబోయారు. నోట్లో ఉన్నది నములుతూ లేవబోయారు కాబట్టి బతికిపోయాం. పంటికింద కరకరమంది.

"పులుసులో ఇసకుందమ్మా."

నేనేమైనా పడతాను గానీ ఆ మాట పడను. "నా పులుసులో ఇసకేటండి? నాలుగు నీళ్లకి కడిగినాను! ఇంకా ఉన్నాదంటే ఇదిగో, ఈడు సల్లిందే!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన ఆ రేణువును వేళ్లమధ్య నలిపి, వెలుతురులో పెట్టి చూశారు.

"ఇది సముద్రం ఇసక కాదు. పలుకు లావుగా ఉంది. వంశధార ఇసక. మొన్ననే ఇల్లు కట్టినోణ్ణి, నాకు తెలీదేటి?"

మా పెదనాన్న మెల్లగా వీధివైపు తల తిప్పాడు. ప్రహరీగోడ కోసం ఆయన తోలించుకున్న ఇసుక గుట్ట ఎదురుగా కనిపిస్తోంది. మా గుమ్మం వైపు మాత్రం గొయ్యి పడి ఉంది.

"ఓరి గుంటడా! నా ఇసక నాకే అమ్మినావట్రా!"

"సెరువుసేపే పెదనాన్నా. మార్కెట్లో కొన్నాను" అన్నాడు మా వాడు నేలచూపులు చూస్తూ.

గుమస్తాగారు మళ్లీ కుదురుగా కూర్చున్నారు. "అయితే తప్పేటీ లేదు. ఇంకో ముక్క ఎయ్యమ్మా."

సాయంత్రానికల్లా గ్రూపు ఖాళీ. దొంగసరుకని నమ్మించి న్యాయమైన సరుకు అంటగడతావా అని ఒక్కొక్కరూ తిట్టి మరీ వెళ్లిపోయారు. పెదనాన్న పోలీసుస్టేషనుకి వెళతానని చొక్కా వేసుకున్నాడు. "ఏమని సెప్తావు పెదనాన్నా, దొంగతనం సెయ్యలేదనా?" అని అడిగాను. వేసుకున్న చొక్కా విప్పేశాడు.

మర్నాడు టెక్కలి పిల్ల నాకు ఫోను చేసింది.

"వదినా, నాన్న ఒప్పుకున్నారు గానీ నానొప్పుకోను. దొంగంటే సరిపెట్టుకుందును. నాన్నకి తెలీకుండా కొంటే నాకు కూడా సెరువుసేపే అమ్మినాడు. ఒక్కసారి సముద్రంలోకెల్లి సేప తెమ్మను. అప్పుడు సూద్దాం."

నిషేధం ఎత్తేసిన వారంలోనే మా వాడు భావనపాడు వెళ్లి, బతిమాలి ఒక పడవెక్కాడు. ఒడ్డు కనుమరుగయ్యేలోపే కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాడట. పడవవాళ్లు జాలిపడి వాడి చేత వల కొస ఒకటి లాగించి, కాసిని కానాగంత చేపలు చేతిలో పెట్టారు. దిగేటప్పుడు కాళ్లు తేలిపోయి, చేపలతో సహా ఒడ్డు మీద బోర్లా పడ్డాడు. ఇద్దరం టెక్కలి వెళ్లాం.

తలుపు తీసిన పిల్ల, "ముందు ఆ హెల్మెట్ తియ్యి" అంది.

చేపలు కడిగితే పళ్లెం అడుగున ఇసుక చేరింది. గుమస్తాగారు కళ్లజోడు తెచ్చుకుని, ఆ ఇసుకని వేళ్లమధ్య చాలాసేపు నలిపారు.

"సన్నంగా ఉంది," అన్నారాయన కూతురివైపు తిరిగి. "సముద్రానిదే."

పిల్ల కత్తిపీట ముందుకి లాక్కుంది.