రక్తం అడిగే మెయిళ్లు

మా బద్వేలులో యేసుప్రసాద్ అంటే ఎవరికీ తెలియదు. ఫ్లెక్సీల ప్రసాద్ అంటే అందరికీ తెలుసు. పెళ్లి ఫ్లెక్సీ, చావు ఫ్లెక్సీ, లీడర్ల పుట్టినరోజు ఫ్లెక్సీ, అన్నీ వాడి దగ్గరే కొట్టించుకోవాలి. నా ఎరువుల అంగడికీ వాడి అంగడికీ మధ్య ఒకటే గోడ. గోడకు చెవులుంటాయో లేదో గానీ నాకున్నాయి. అందుకే వాడి సంగతులు వాడి పెళ్లాం రెజీనా కంటే నాకే ముందు తెలుస్తాయి. మంచోడు. ఆ మాట చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ కాలంలో మంచోడు, మొహమాటస్తుడు ఒక్కడే అయితే వాడంత నష్టజాతకుడు ఇంకొకడు ఉండడు.

వాడికి ఒక్కతే కూతురు, స్తుతి. మూడో తరగతి చదువుతోంది. ఆ పిల్ల ఒంట్లో రక్తం నిలవదు. తలసీమియా అంటారట. మూడు వారాలకోసారి కడపకు తీసుకుపోయి ఎవరిదో ఒకరి రక్తం ఎక్కిస్తేనే లేచి ఆడుకుంటుంది. ఆలస్యమైతే పెదాలు తెల్లబడిపోతాయి, నాలుగు మెట్లెక్కితే రొప్పుతుంది. గ్రూపేమో బి నెగటివ్, ఊరంతా గాలించినా దొరకదు. ప్రసాదుకు కలవదు, నాకూ కలవదు. రెజీనాకు తన ఒంట్లోనే రక్తం చాలదు. దేవుడు పెట్టే పరీక్షలన్నీ ఒకే ఇంటికి పెడతాడేమో, నాకు తెలియదు.

మొదట్లో ప్రసాద్ ఇల్లిల్లూ తిరిగి అడిగేవాడు. చర్చీ ముందు నిలబడేవాడు, కాలేజీకి పోయేవాడు, బస్టాండులో కండక్టర్లను పట్టుకునేవాడు. కొంతకాలానికి జనం వాడిని చూడగానే పక్క సందులోకి తిరగడం మొదలుపెట్టారు. పాల ప్యాకెట్టుకు పోయినా రక్తం కోసమే వచ్చాడనుకునేవాళ్లు. వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. పొద్దున లేస్తే పూల బొమ్మలు, సాయంత్రమైతే పార్టీల కొట్లాటలు. వాడు రక్తం మాట ఎత్తగానే ఒక్కొక్కడూ గ్రూపులోంచి జారుకునేవాడు. థూ, ఏం మనుషులు!

అప్పుడే కడపలో ఎవరో ఆన్‌లైన్ కోచింగ్ నడిపేవాళ్లు వీడికి ఫ్లెక్సీల పని ఇచ్చారు. పిల్లలు ఒకసారి తమ మెయిల్ అడ్రసు ఇస్తే చాలు, ఆ తర్వాత వాళ్లకు వరసగా ఉత్తరాలు వాటంతట అవే పోతుంటాయి. వీడు అది చూశాడు. నాలుగు రోజులు తిండి సరిగ్గా తినలేదు. ఐదో రోజు నేను వాడి అంగట్లోకి తొంగిచూస్తే, చెడిపోయిన ఫ్లెక్సీని తిరగేసి నేలమీద పరిచి మార్కరుతో గీతలు గీస్తున్నాడు.

"ఏమప్పా, ముగ్గులెయ్యడం మొదలుపెట్టినావా?" అన్నాను.

"ముగ్గు కాదు మామా, మెయిళ్ల వరస," అన్నాడు తల ఎత్తకుండా. "ఒకాయన రక్తం ఇస్తానని పేరు రాయించుకుంటాడనుకో. ఆ పొద్దే ఆయనకు మొదటి మెయిల్ పోతాది, స్తుతి ఎవురు, ఏమైందని. వారానికి ఇంగోటి, పాప ఫోటోతో. మళ్లా ఇంగోటి, రక్తం ఇచ్చేటోళ్లు ఏం తినాల, ఎండలకు ఎట్ల జాగ్రత్తపడాలని. ఒకతూరి ఇచ్చినాక మూడు నెలలు ఆగాల గదా, ఆ మూడు నెలలు కాంగనే 'మీ సమయం వచ్చింది' అని పోతాది. పలక్కపోతే మళ్లొకటి గుర్తు చేస్తాది. అందర్నీ గుంపులు గుంపులుగా చేసినా. ఒక్కో తూరికి ఒక్కో గుంపు."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వేమో అడిగే పనే మిషన్‌కు అప్పజెప్తాండావు."

వాడు మార్కరు పక్కన పెట్టాడు. "నాకు నోరు రాలేదు మామా. మూడు వారాలకోసారి అదే మాట, అదే మొగం. పాప పెద్దదయితాంది. నేను అడుక్కునేది ఆమె చూడకూడదు. ఆమె అయితే బతుకంతా ఎవుర్నీ అడగనే కూడదు. దానికే ఈ తంటాలన్నీ."

మార్కరు తీసి వాడి చేతికిచ్చి, వచ్చి నా అంగట్లో కూర్చున్నాను.

ఒక్కో మెయిల్ రాయడానికి వాడు పడిన పాట్లు చూస్తే నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. "మామా, ఇది విను," అని గోడవతల నుంచి గట్టిగా చదివేవాడు. ఏడుపు ఎక్కువైతే పారిపోతారట, తక్కువైతే పట్టించుకోరట. "దయచేసి" అనే మాట ఒకసారి పెట్టి, మరుసటి రోజు తీసేసి, మళ్లీ పెట్టేవాడు. యూరియా కోసం వచ్చిన రైతులు కూడా వాడి మెయిళ్లు విని సలహాలు చెప్పేవాళ్లు. మెయిళ్లు సరిగ్గా పోతున్నాయో లేదో చూడడానికి నా పేరు కూడా అందులో చేర్చాడు. దాంతో నా ఫోనుకూ వచ్చేవి.

అబద్ధం ఎందుకు, పనిచేసింది. రెండేళ్లు వాడు ఎవరి గడపా తొక్కలేదు. తేదీకల్లా ఎవరో ఒకరు కడపకు వచ్చేవాళ్లు. పిల్ల బుగ్గలు నిండాయి. వాడు తల ఎత్తుకుని బజార్లో నడిచాడు.

ఆ మధ్యలో లేవి సారు అలిగాడు. ఈయన వాళ్ల చర్చీ మనిషి, స్కూల్లో టీచరు. ఒకసారి రక్తం ఇచ్చి ఇంటికి పోయాడు. ఆ రోజు పిల్లకు చలిజ్వరం పట్టుకోవడంతో ప్రసాద్ ఫోన్ చేయడం మరిచిపోయాడు. మా వైపు రక్తం ఇచ్చినవాడు ఇచ్చిన సంగతి మరిచిపోతాడేమో గానీ, ఇచ్చాక ఒక మాట చెప్పలేదన్న సంగతి చచ్చేదాకా మరవడు. మరుసటి ఆదివారం చర్చీలో లేవి సారు వీడికి వందనం కూడా చెప్పకుండా పోయాడట. ప్రసాద్ ఇంకెవరికీ అలాంటి లోటు రాకూడదని ఇంకో మెయిల్ రాశాడు. "మీ దయవల్ల స్తుతికి రక్తం అందింది. ఈ రోజు బడికి పోయింది. మీ అందరికీ మా వందనాలు." కింద పిల్ల బ్యాగు తగిలించుకుని నవ్వుతున్న ఫోటో. రక్తం ఎక్కించాల్సిన తేదీకి మరుసటి రోజు పొద్దున్నే అది అందరికీ దానంతట అదే పోయేలా పెట్టాడు. నాకూ అది మర్యాదగానే అనిపించింది.

ఈ ఏడాది శివరాత్రి వెళ్లిన వారంలోనే రంజాన్ నెలా, చర్చీలో నలభై రోజుల శ్రమదినాలూ ఒకేసారి మొదలయ్యాయి. ఆ తూరి వంతు వచ్చిన గుంపులో ముగ్గురే ఉన్నారు. లేవి సారు పగలంతా ఉపవాసం, రాత్రికే ఒక ముద్ద. రాయచోటిలో బైకులు బాగుచేసే మస్తాన్‌వలి రోజా ఉన్నాడు. మూడోవాడు హర్షవర్ధన్, విత్తనాల కంపెనీలో పనిచేసే కుర్రాడు. శివరాత్రికి మహానందికి నడిచిపోయి, కాళ్లు బొబ్బలెక్కి, జ్వరంతో పడుకున్నాడు. మెయిల్‌కు ఉపవాసం తెలుస్తుందా? దానికి తేదీ ఒక్కటే తెలుసు. "మీ సమయం వచ్చింది" అని ముగ్గురికీ పోయింది. మళ్లీ గుర్తుచేస్తూ ఇంకొకటి పోయింది.

ముగ్గురూ తెరిచి చదివారని వాడి కంప్యూటర్‌లో చూపించింది. "ముగ్గురూ చూసినారు మామా, ఎవురో ఒకరు వస్తారు," అని వాడు ధీమాగా పిల్లను, రెజీనాను తీసుకుని కడప బస్సెక్కాడు. చదివిన ముగ్గురూ అనుకున్నదీ అదే. మిగతా ఇద్దరిలో ఎవరో ఒకరు పోతారులే అని.

మరుసటి రోజు పొద్దున నేను అంగడి తెరిచి అగరొత్తి వెలిగిస్తుంటే ఫోన్ మోగింది. మెయిల్. స్తుతికి రక్తం అందింది, బడికి పోయింది, వందనాలు. హమ్మయ్య అనుకున్నాను. టీ తెప్పించుకుని సగం తాగానో లేదో రెజీనా ఫోన్.

"మామా, ఎవురూ రాలేదు. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపే లేదంటాండారు. పాప కండ్లు తెరవలేకపోతాంది. నువ్వు రా మామా."

"అదేందమ్మా, ఇప్పుడే గదా మెయిల్..." అన్నాను. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆ మెయిల్ పంపింది ప్రసాద్ కాదు, తేదీ. దాతలందరి ఫోన్లలో ఆ పిల్ల నవ్వుతూ బడికి పోతోంది. ఆసుపత్రిలో పిల్లకేమో ఊపిరి అందడం లేదు.

అంగడి మూసేసి కడపకు పోయాను. వార్డులో పిల్ల ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. గుండె అలిసిపోతోంది, ఇంక ఆలస్యం చేయకండి అని డాక్టరు చెప్పి పోయాడట. ప్రసాద్ మంచం పక్కనే నిలబడి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఒక చేత్తో పేర్ల కాగితం, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని, ఫోన్ పిల్ల మంచం మీదే పెట్టి, స్పీకర్‌లో మాట్లాడుతున్నాడు.

"అదేంది ప్రసాదూ," అంటోంది లేవి సారు గొంతు, "పొద్దున్నే మెయిల్ వచ్చె గదా, పాపకు ఎక్కించినారని. చదివి దేవునికి స్తోత్రం చెప్పుకుంటి."

"అది దానంతట అదే పోయింది సార్. ఎవురూ ఇయ్యలేదు సార్."

"దానంతట అదే పోతాదా? మరి నీ పేరుతోనే ఉండాదే? అయినా నేను నీళ్లు కూడా ముట్టకుండా ఉండా ప్రసాదూ. నలభై దినాలు అని దేవుని ముందర మొక్కుకునుండా. ఇంకెవురినైనా అడుగు. నేను ప్రార్థన చేస్తా."

ప్రార్థన! నాకు ఫోన్ లాక్కుని నాలుగు తిట్టాలనిపించింది. ప్రసాద్ నా చేయి పట్టుకుని ఆపాడు. రేపటికీ ఆయనే కావాలి కదా, ఆయనతో తగవు పెట్టుకునే స్తోమత వాడికెక్కడిది?

పేర్లన్నీ వరసగా పోయాయి. మొన్ననే ఇచ్చాం అన్నారు కొందరు. మూడు నెలలు కాలేదు, నిజమే. హర్షవర్ధన్‌కు జ్వరం ఇంకా తగ్గలేదు. కొందరు ఎత్తలేదు. జరిగింది పొరపాటని, రక్తం ఇంకా కావాలని అందరికీ ఒక మెయిల్ కొట్టాడు. దానికి వెంటనే ఒక జవాబు వచ్చింది. పొద్దున పాప బాగుంది అంటారు, మధ్యాహ్నం రక్తం కావాలంటారు, ఇట్లాంటి దొంగ మెయిళ్లు శానా చూసినాం అని. రెండేళ్లపాటు ఏ మాటకు ఏ మాట కలపాలో గోడవతల నుంచి నన్నడిగి రాసినవాడు, ఆ జవాబుకు ఒక్క అక్షరం కూడా కొట్టలేకపోయాడు.

మస్తాన్‌వలి ఒక్కడు సూటిగా మాట్లాడాడు. "అన్నా, తెల్లారుజాము నుంచి పచ్చి నీళ్లు తాగలేదు, ఇప్పుడొస్తే వాళ్లు తీసుకోరు. రేపు రోజా ఇడిసిపెట్టి, కడుపునిండా తినేసి వస్తా. రోజా తర్వాతైనా పట్టుకోవచ్చులే. అయినా నువ్వు ముందే ఒక ఫోన్ కొట్టింటే అయిపోయేది కదన్నా. ఆ మెయిల్ జూసి, ఇది అందరికీ పోతాదిలే అనుకుంటి."

ఆ రోజు ఎలా గడిచిందో చెప్పడం నా వల్ల కాదు. రెజీనా పిల్ల కాళ్లు పట్టుకుని కూర్చుంది. ప్రసాద్ వార్డుకూ బ్లడ్ బ్యాంకుకూ తిరుగుతూనే ఉన్నాడు, తిరిగితే వస్తుందన్నట్టు. అరవై ఏళ్ల వయసు, ఇంత నోరు, ఇంత అంగడి ఉన్న నేను ఒక గ్లాసు రక్తం పుట్టించలేక బెంచీ మీద దద్దమ్మలా కూర్చున్నాను.

మస్తాన్‌వలి అన్న మాట తప్పలేదు. మరుసటి రోజు రాయచోటి నుంచి మొదటి బస్సుకే వచ్చి రక్తమిచ్చాడు. పరీక్షలన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. సంచి తగిలించారు. గొట్టంలో ఎర్రగా దిగడం మొదలయ్యాక రెజీనా మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

ప్రసాద్ ఫోన్ తీశాడు. "అన్నీ ఆపేస్తా మామా. ఈ మెయిళ్లే ఒద్దు."

"ఆపు. మూడు వారాలకు ఏం చేస్తావు?"

వాడు నన్ను చూశాడు, ఫోన్‌ను చూశాడు. ఆపలేదు, ఉంచుతాననీ చెప్పలేదు. ఇంటింటికీ పొమ్మని చెప్పనా? నాకే నోరు రాలేదు.

సాయంత్రానికి పిల్ల పెదాలకు రంగు వచ్చింది. కళ్లు తెరిచి అటూ ఇటూ చూసింది. పక్క మంచం దగ్గర మనవడిని చూసుకుంటున్న పెద్దామెను చిన్నగా పిలిచింది.

"అవ్వా, నీదేం గ్రూపు?"

"నాకేం తెలుసు తల్లీ," అంది ఆమె.

సూది సరిచేయడానికి వచ్చిన నర్సునూ అడిగింది. "అక్కా, మీది బి నెగటివా?" నర్సు కాదని తల ఊపి, పిల్ల తల నిమిరి పోయింది. ముందురోజంతా పిల్ల కళ్లు మూసుకుని ఉంది గానీ నిద్రపోలేదని, స్పీకర్‌లో వాళ్ల నాన్న అడిగిన ప్రతి మాటా వినిందని అప్పుడు నాకు తెలిసింది.

రెజీనా పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టింది. "అట్ల అడక్కూడదు నానా. రక్తం ఎక్కుతాంది గదా, చూడు."

"ఈ తూరికి కాదుమా," అంది స్తుతి ఆ చేతిని పక్కకు నెట్టి. "వచ్చే తూరికి."

తర్వాత నా వైపు తిరిగింది. "తాతా, నీదేం గ్రూపు?"

"ఓ పాజిటివ్ తల్లీ."

"అయితే నువ్వు పనికిరావులే," అని ఓదార్పుగా నా వేలు పట్టుకుంది. ప్రసాద్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పిల్ల నా వేలు వదిలేసి, తలుపు దగ్గర నేల తుడుస్తున్నాయన కోసం మెడ చాచి చూస్తూ గొంతు పెంచింది.

"అన్నా, ఓ అన్నా, మీదేం గ్రూపు?"