రోలు మీది విమానం

మా ఆయన పట్నంల ఛత్రినాక గల్లీ గల్లీ తిరిగి, అరిగిన రోళ్లకు ఉలితోని గంట్లు కొట్టెటోడు. ఆయన పోయినంక మా బిడ్డ నన్ను ఊరవతల గుట్టకు తీస్కపోయి, ఎన్నడో పాతకాలపోళ్లు బండ మీద చెక్కిన ఎడ్లబండి బొమ్మ చూపెట్టింది.

"బండి చెక్కిర్రంటే వాళ్లకు చక్రం తెలుసన్నట్టే అమ్మా" అన్నది.

నాకు మస్తు చిరాకొచ్చింది. "మీ బాపు మనింట్ల రోలు మీద విమానం చెక్కిండు. ఎన్నడన్న ఎక్కిండా?" అన్న.

"ఎక్కలే. గని విమానాలు తిరిగే కాలంల బతికిండని తెలుస్తది కదనే!"

నిజమే. గని గా ముచ్చట నాకెందుకు? ఎక్కాలని ఉన్నదా అని ఎన్నిసార్లడిగినా నవ్వి ఊకున్నడు గా మనిషి. ఇగ నేను రోలునడగాల్నా?