ఇత్తడి గంట బరువు

తిరువూరుకు రైలు లేదు. పట్టా చూడాలంటే బస్సెక్కి గంటన్నర పోవాలి. అలాంటి ఊళ్ళో రైళ్ళ పిచ్చి పట్టినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. నేను పత్తి లారీలు, మామిడి లారీలు తూచే కాటా దగ్గర పని చేసేవాణ్ణి. రెండోవాడు బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో, జిరాక్సు నడిపేవాడు. మాకు చుట్టరికం లేదు గానీ ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం.

తొంభైల చివర ప్రతి ఆదివారం మొదటి బస్సుకు ఖమ్మం వైపు లైనులో ఒక చిన్న స్టేషనుకు పోయేవాళ్ళం. అతను ఫోటోలు తీసేవాడు, నేను లెక్కలు రాసేవాణ్ణి. పట్టాల అతుకుల మీద చక్రాల చప్పుడు లెక్కపెట్టి బండి వేగం చెప్పవచ్చని నేనే కనిపెట్టాననుకున్నాను. పట్టా పదమూడు మీటర్లదైతే, నలభై ఏడు సెకన్లలో ఒక చక్రం ఎన్ని అతుకులు దాటితే గంటకు అన్ని కిలోమీటర్లు. పదో తరగతి తప్పినవాడికి ఇది దొరకడం చిన్న సంతోషం కాదు. తర్వాత ఇది రైల్వేవాళ్ళందరికీ తెలిసిన సంగతేనని స్టేషను మాస్టారు చెప్పారు. చెప్పి, నవ్వకుండా టీ ఇప్పించారు. ఆయన మంచితనం అలాంటిది.

కొత్త సిగ్నలు పద్ధతి వచ్చాక ఆ స్టేషనులో పాత కేబిన్ మూసేశారు. అందులో ఒక ఇత్తడి గంట, మూడు చేతి దీపాలు, సిగ్నళ్ళు లాగే లీవర్లకు కొట్టిన ఇత్తడి నంబరు బిళ్ళలు ఉండేవి. మేం పదే పదే అడిగితే, ఒక ఆదివారం మాస్టారు తాళం తీశారు.

"బయటివాళ్ళను రానివ్వకూడదయ్యా. నాకు రిటైర్మెంటు ఇంకా పదహారు నెలలుంది. చూసి వచ్చేయండి, ఏదీ ముట్టుకోకండి," అన్నారు.

నేను ముట్టుకున్నాను. కొలవడానికి. దారం చుట్టి గంట చుట్టుకొలత తీశాను, స్కేలుతో ఎత్తు తీశాను, అంచు దగ్గర మందం చూశాను.

"ఎంతుంటుంది బావా?" అన్నాడు వాడు, కెమెరా కంటికి పెట్టుకునే.

వాడు ఎప్పుడూ అదే అడిగేవాడు. దీపం ఎంతుంటుంది, బిళ్ళ ఎంతుంటుంది అని. తూకం లేకుండా బరువు చెప్పడం నా విద్య. అది అడిగేవాడు ఈ లోకంలో వాడొక్కడే. పొంగిపోయి, ఘన సెంటీమీటరుకు ఎనిమిదిన్నర గ్రాముల చొప్పున అక్కడే లెక్క కట్టాను. గంట పదకొండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. అన్నీ వరసగా నోటుపుస్తకంలో ఒకే పేజీలో రాసుకున్నాను.

"ఈ పుస్తకం వారం రోజులు నా దగ్గరుంచు. నీ అంకెల పక్కన నా ఫోటోలు అంటిస్తా," అన్నాడు. ఇచ్చాను.

పుస్తకం నా చేతికి తిరిగొచ్చిన రోజే నా తప్పు నాకు తట్టింది. గంట అంచు దగ్గరే మందం. పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. నేను అంచు మందాన్నే గంటంతటికీ పట్టించాను. సరిగ్గా లెక్కిస్తే ఏడు కిలోల నూరు గ్రాములు. పాత అంకె కొట్టేసి, ఎర్ర సిరాతో కొత్తది రాశాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు, వాడికి కూడా.

అయిదు నెలలకు కేబిన్ తాళం పగిలింది. గంట, దీపాలు, బిళ్ళలు అన్నీ పోయాయి. మరో మూడు వారాలకు మాస్టారు కాటాకు ఫోను చేసి రమ్మన్నారు. గొంతులో ఏమీ తెలియలేదు.

వెళ్ళేసరికి ఆయన గదిలో రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. మాస్టారు తన కుర్చీలో కాక, గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు నా ముందు ఒక జిరాక్సు కాగితం పెట్టాడు. పాత సామాను కొనేవాడి దగ్గర దొరికిందట. తెచ్చినవాడి పేరు మాత్రం వాడు చెప్పడం లేదట.

"ఈ రాత నీదేనా?"

నాదే. ఏడు అంకెకు అడ్డగీత పెట్టేది నేనే. దీపాలు మూడు, బిళ్ళలు పద్నాలుగు, ఒక్కోదాని బరువు, ఏది ఏ మూల ఉందో కూడా. నేను ప్రేమతో రాసుకున్న పేజీ దొంగకు చీటీలా తయారై ఉంది.

"గది ఎవరు తెరిచారు నీకు?"

నేను నోరు తెరవకముందే మాస్టారు, "నేనేనండి," అన్నారు. "ఎత్తుకుపోయేవాడైతే దారంతో కొలుస్తూ కూర్చుంటాడా అండీ," అని కూడా అన్నారు.

నా చూపు గంట వరస మీద ఆగింది. పదకొండు కిలోల తొమ్మిది వందలు. కొట్టివేత లేదు, పక్కన రెండో అంకె లేదు. అంటే ఆ కాగితం తీసింది ఆ ఒక్క వారంలోనే. ఆ వారం పుస్తకం ఎక్కడుందో నాకు తెలుసు.

"ఈ పేజీ ఉన్న పుస్తకం ఇంకెవరి చేతికి పోయింది?"

"రేపు చెబుతానండి," అన్నాను. ఇన్‌స్పెక్టరు మాస్టారు వైపు చూశాడు. మాస్టారు తల ఊపారు.

నేరుగా స్టూడియోకు వెళ్ళాను. వాడు పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాడు.

"గంట ఎక్కడుంది బావా?"

"ఏ గంట?"

"ఏడు కిలోల నూరు గ్రాములది."

కత్తెర ఆగింది. "పన్నెండన్నావుగా," అన్నాడు. తర్వాత ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, చిన్నగా నవ్వాడు. "నీ లెక్క నమ్మి పరువు పోగొట్టుకున్నా. కొన్నవాడు కాటాలో పెట్టి, ఎవర్రా ఈ పంతులు అన్నాడు."

నేను నవ్వలేదు.

"ఏమైందిప్పుడు? అక్కడ బూజు పట్టి చచ్చేదేగా," అన్నాడు. "హైదరాబాదులో ఒకాయన అద్దాల బీరువాలో పెట్టుకుంటాడు. మనలాంటి పిచ్చోడే. కొనిపెట్టమని ఆ కొన్నవాణ్ణి పంపాడు. తుక్కువాళ్ళ పాలు కాకుండా కాపాడా."

"మాస్టారికి రిటైర్మెంటు ఇంకా పది నెలలుంది."

"ఆయన్ని తాళం తియ్యమంది నేనొక్కణ్ణేనా? అడిగింది మనిద్దరం." కత్తెర మళ్ళీ అందుకున్నాడు. "చెబుతావా? చెప్పుకో. రేపట్నుంచి ఆదివారాలు ఎవరితో పోతావు? ఈ ఊళ్ళో బండి నంబరు చెబితే వినేవాడెవడున్నాడు నీకు?"

వాడు చెప్పిన లెక్కల్లో తప్పులేనిది అదొక్కటే.

మర్నాడు వెళ్ళి చెప్పాను. పుస్తకం తీసి ఎర్ర సిరా చూపించాను. కొన్నవాడు కూడా తెచ్చింది స్టూడియోవాడేనని ఒప్పుకున్నాడు. దీపాల్లో రెండు దొరికాయి. గంట దొరకలేదు. మాస్టారికి దొంగతనం అంటుకోలేదు గానీ, గది తెరిచినందుకు మెమో వచ్చింది. మరో స్టేషనుకు బదిలీ చేశారు. రిటైరైంది అక్కణ్ణుంచే.

సామాను సర్దుకునే రోజు వెళ్ళాను. ఆయనే అడిగారు.

"ఊరికే చూసి రాలేవా అయ్యా నువ్వు? ప్రతిదీ రాయాలా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. స్టూడియోవాడి మీద కోపం పదేళ్ళకు కాస్త అరిగింది. నా చేతిరాత మీద నమ్మకం మాత్రం తిరిగి రాలేదు.

కొత్త మాస్టారు బయటివాళ్ళను ప్లాట్‌ఫారం మీద కూర్చోనివ్వలేదు. చాలా ఏళ్ళు గేటు అవతల, రోడ్డు మీద నిలబడి చూసేవాణ్ణి. ఒక్కణ్ణే. ప్లాట్‌ఫారం మీద గంటకు బదులు మూరెడు పట్టా ముక్క వేలాడదీశారు. ఇనుప సుత్తితో కొడితే బాగానే మోగేది. పట్టా మీటరుకు ఎన్ని కిలోలో నాకు కంఠతా వచ్చు. దాని బరువు కట్టడం అర నిమిషం పని.

ఇంతవరకూ కట్టలేదు.